పన్నెండు అడుగుల నాలుగు అంగుళాలు

“ఆ బడి ప్లాను మీద నా పేరే ఉన్నది సత్తీ. ఇయ్యాల నాతోని సంతకం పెట్టిచ్చుకుంటరు. పెడితే ఇన్నేండ్ల పని మన్నుల కలుస్తది. పెట్టకపోయినా, రేపు ఇంకో పిల్ల పడితే నా పేరే చెప్తరు.”

ఎడపల్లి బస్టాండుకు బయల్దేరుతూ, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ లింబాద్రి అన్న మాట ఇది. అతని భార్య సత్తవ్వ టిఫిను డబ్బా మూత బిగిస్తూ, “బీపీ గోలి ఏసుకున్నవా?” అని మాత్రం అడిగింది. వేసుకోలేదని ఆమెకు తెలుసు. నీళ్ళ చెంబు, గోలి తెచ్చి చేతిలో పెట్టింది.

“పెట్టకపోతే ఏంజేస్తరు?”

“పనిలకెళ్లి తీసేస్తరు.”

“తీసేయనీ. మిల్లు పని పోయిననాడు సచ్చినమా? తప్పు నీది కానప్పుడు సంతకం ఎందుకు పెడ్తవ్? అయితే నీదేనా, కాదా, అది చెప్పు ముందుగాల.”

“నాది కాదు.”

“మరింకేంది, బస్సు పోతది, నడువు.”

లింబాద్రి డ్రాఫ్ట్స్‌మన్. బోధన్ చక్కెర మిల్లు డ్రాయింగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు బల్ల మీద వంగి గీతలు గీసిన మనిషి. చెరకు నలిపే రోలరు షాఫ్టు అరిగిపోతే కొత్తదానికి బొమ్మ అతనే గీయాలి. కొలత ఒక్క సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా వస్తే చాలు, షాఫ్టు బేరింగులో కూర్చోదు. అది కూర్చోకపోతే మిల్లు ఆగుతుంది. మిల్లు ఆగితే గేటు బయట చెరకు బండ్లు బారులు తీరి ఎండలో ఉంటాయి. ఆ బండ్ల మీది రైతులు తననే తిట్టుకుంటున్నట్టు లింబాద్రికి కలలో కూడా వినిపించేది.

ఆ ఆఫీసులో గీసేవాళ్ళు నలుగురు. కింద పేరు చూడకుండానే ఏ బొమ్మ ఎవరిదో చెప్పేవాళ్ళు. ఒకరి ఏడుకు నడుం మీద అడ్డగీత ఉండేది. ఇంకొకరి రెండుకు కోడిపుంజు తోక ఉండేది. లింబాద్రి నాలుగు ఎప్పుడూ పైన మూసుకుని, కిటికీ తలుపు వేసినట్టు ఉండేది. ఎవరైనా ఒక అంకె మార్చాలంటే ట్రేసింగ్ కాగితాన్ని బ్లేడుతో గీకాల్సిందే. గీకిన చోట కాగితం పలుచబడి, వెలుగుకు పెట్టి చూస్తే మచ్చ కనిపించేది. ఎవరు మార్చారన్నది కొత్త అంకె చెప్పేది, ఎక్కడ మార్చారన్నది మచ్చ చెప్పేది.

సిద్దిరాములు ఎనభై నాలుగులో ఆ ఆఫీసుకు అప్రెంటిస్‌గా వచ్చాడు. ఆరు నెలలు లింబాద్రి పక్కన కూర్చుని అక్షరాలు రాయడం నేర్చుకున్నాడు. “అక్షరం నిలవెట్టు తమ్మీ, కల్లు దాగినోని లెక్క ఒరుగుతున్నది” అని లింబాద్రి అతని వేళ్ళు పట్టుకుని దిద్దేవాడు. తరవాత సిద్దిరాములు నిజామాబాద్ వెళ్ళి ఖలీల్‌వాడిలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు పెట్టాడు, కారు కొన్నాడు. రెండు వేల రెండులో లింబాద్రి మిల్లు నుంచి ముందుగానే విరమణ తీసుకోవాల్సి వచ్చిందని తెలిసి తానే ఎడపల్లి వచ్చాడు.

“అన్నా, నీ చెయ్యి నాకు గావాలె. కాకపోతే ఇప్పుడు చేతుల పెన్సిల్ ఉండది, మౌసు ఉంటది.”

“నలభై తొమ్మిదేండ్లొచ్చినై రా. గిప్పుడు నాకెవలు నేర్పుతరు?”

“ఉన్నది ఒకామె. నీ బిడ్డంత ఉంటది. ఆమెకు కోపం ఎక్కువ, జాగ్రత్త.”

కోపం సంగతి సిద్దిరాములు కల్పించిందే. స్వరూప నెమ్మదైన మనిషి. లెక్కలు, భౌతికశాస్త్రంతో బీఎస్సీ చదివి, హైదరాబాదులో మూడు నెలలు కంప్యూటరు డ్రాఫ్టింగు నేర్చుకుని వచ్చింది. రెండేళ్ళ కొడుకుని తల్లి దగ్గర వదిలి ఆఫీసుకు వచ్చేది. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి ఇంటికి ఫోన్ చేసేది. “పడుకున్నడా? ఎంతసేపు? మంచం అంచుకు లేడు గదా?” ఫోన్ పెట్టాక కూడా కాసేపు దానివైపే చూస్తూ ఉండేది.

లింబాద్రి ఆమెను మొదటి రోజు నుంచే “మేడం” అన్నాడు. వద్దని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. “పంతులమ్మను పంతులమ్మ అనకపోతే విద్య రాదు” అనేవాడు. ఆమె అతన్ని “పెద్దసారు” అనేది.

మొదటి వారం అతనికి నరకం. పెన్సిల్ కాగితం మీద నడుస్తుంటే వేళ్ళకు తెలిసేది, గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో. ఇక్కడ చెయ్యి బల్ల మీద, గీత కంప్యూటరు అద్దంలో.

“మేడం, గీత గోడకు తాకిందో లేదో నాకెట్ల ఎరుక? చేతికి తెలుస్తలేదు.”

“తాకినట్టు కనిపిస్తే నమ్మొద్దు పెద్దసారు. దగ్గరికి పోయి చూడుండ్రి.”

ఆమె మౌసు మీది చక్రం తిప్పింది. మూల పెద్దదవుతూ వచ్చింది. ఒకదానికొకటి అతుక్కున్నాయనుకున్న రెండు గీతల మధ్య బారెడు సందు బయటపడింది.

“ఔరా. గీ సందుల నుంచి ఎడ్లబండి పోతది గదా.”

“గీత చివరికి సరిగ్గ చేరితే పసుపు గడి వెలుగుతది, అది కనబడ్డంకనే నొక్కాలె. గడి రాకముందు నొక్కితే మన కండ్లను నమ్మినట్టు. గడి వచ్చినంక నొక్కితే లెక్కను నమ్మినట్టు.”

ఆ మాట లింబాద్రి మనసుకు పట్టింది. ఆ తరవాత అతను ఒక్క గీతను కూడా చూపు అందాజుతో ఆపలేదు. ప్రతి మూలకూ దగ్గరికి వెళ్ళి, గడి చూసి, నొక్కేవాడు. మూడు నెలలకు ఆమె కంటే మెల్లగా, ఆమె కంటే శుభ్రంగా గీయసాగాడు.

అన్నిటికంటే అతనికి నచ్చింది కొలతలు వేసే పద్ధతి. ఇక్కడ అంకె ఎవరూ రాయరు. గీతకు రెండు కొసలు చూపిస్తే కంప్యూటరే కొలిచి అంకె వేస్తుంది. గోడ జరిపితే అంకె కూడా మారుతుంది.

“మరి నా ఇష్టమున్న అంకె రాసుకోవాలంటే?” అని ఒకసారి తమాషాకు అడిగాడు.

“రాసుకోవచ్చు. కొలత మీద రెండుసార్లు నొక్కి వేరే అంకె కొడితే అయిపాయె. అప్పుడు గీత ఒకటంటది, అంకె ఒకటంటది. మా సారు క్లాసుల చెప్పిండు, ఆ పని చేసినోళ్ళకు సున్నా మార్కులని.”

“సున్నా ఏంది, చెప్పు దెబ్బలు గొట్టాలె” అన్నాడు లింబాద్రి. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ చలికాలం స్వరూప కొడుక్కి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. ఫోన్ రాగానే ఆమె చెప్పులు కూడా మరిచి పరుగెత్తింది. ఆమె గీయాల్సిన మూడు ప్లాన్లు నాలుగు రోజుల్లో లింబాద్రి పూర్తిచేశాడు. కింద మూలన ‘గీసినవారు’ అన్న గడిలో ఆమె పేరే పెట్టాడు. తిరిగి వచ్చాక ఆమె చూసి ఏమీ అనలేదు. మధ్యాహ్నం తన డబ్బాలోని గారెలు రెండు అతని మూత మీద పెట్టింది.

రెండు వేల నాలుగు జనవరిలో ఆత్మారాం వచ్చాడు. అతను ఒక ప్రైవేటు బడికి కరస్పాండెంటు. బడికి మేడ వేస్తున్నాడు. ఆ ప్లాను లింబాద్రి చేతికి వచ్చింది. కింది అంతస్తు నుంచి పైదాకా పదకొండు అడుగులు. చిన్న పిల్లలు ఎక్కే మెట్లు కాబట్టి ఒక్కో మెట్టు ఆరు అంగుళాల ఎత్తు, పది అంగుళాల వెడల్పు. అలా ఇరవై రెండు మెట్లు, మధ్యలో మలుపు దగ్గర నాలుగు అడుగుల చదును. లెక్క వేస్తే మెట్ల గది పొడవు పన్నెండు అడుగుల నాలుగు అంగుళాలు వచ్చింది. పక్కన తరగతి గది ఇరవై అడుగులు.

ఆత్మారాం ప్రింటు చూసి పెదవి విరిచాడు. “మెట్లకు గింత జాగనా? రెండడుగులు తీసి క్లాసుకియ్యి. ఇంకో వరుస బెంచీలు పడుతయి. మెట్లేమన్న పాఠం చెప్తయా?”

“రెండడుగులు తీస్తే మెట్లు తగ్గుతయి సార్. మెట్లు తగ్గితే ఒక్కోటి ఎనిమిది అంగుళాలు దాటుతది. రెండో తరగతి పిల్ల మోకాలు ఎంత లేస్తదో చూడుండ్రి. ఎక్కుడు ఎట్లనో ఎక్కుతరు, దిగేటప్పుడే పడుతరు.”

“మా ఇంట్ల తొమ్మిదంగుళాలే ఉన్నయి. మేము పడ్డమా?”

“మీరు సంచి మోసుకొని దిగరు గదా సార్.”

సిద్దిరాములు మధ్యలోకి వచ్చి నవ్వాడు. “అన్న పాతకాలపు మనిషి సార్. నేను మాట్లాడుత తియ్యిండ్రి.”

తరవాత సిద్దిరాములు లింబాద్రితో ఆ సంగతి ఎత్తనే లేదు. నాలుగు రోజులకు బాల్కొండలో లింబాద్రి కూతురికి కాన్పు అయింది. మనవరాలిని చూడడానికి వెళ్ళి ఐదు రోజులున్నాడు. వచ్చేసరికి బడి ప్లాను ప్రింట్లు వెళ్ళిపోయాయి. తన మాటే నెగ్గిందనుకున్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. జూలైలో రెండో తరగతి పిల్ల ఒకతె మేడ మెట్ల మీద నుంచి పడింది. ముంజేయి విరిగింది, ముందు పళ్ళు రెండు ఊడాయి. ఆ పిల్ల నాయనమ్మ గంగుబాయి బీడీలు చుట్టే మనిషి. ఆమె ఆ మెట్లు కట్టిన మేస్త్రీని నిలదీసింది. మేస్త్రీ ప్లాను తెచ్చి చూపించాడు. అందులో మెట్ల గది పది అడుగుల నాలుగు అంగుళాలు. ఉన్న చోటులో పట్టినన్ని మెట్లే పెట్టానని, ఒక్కోటి ఎనిమిదింబావు అంగుళాలు వచ్చిందని చెప్పాడు. ప్లాను కింద మూలన గీసినవారి గడిలో లింబాద్రి పేరు ఉంది.

సంతకానికి రమ్మని కబురొచ్చిన ఆ పొద్దున లింబాద్రి ఆఫీసు మెట్లెక్కేసరికి లోపల అందరూ ఉన్నారు. ఆత్మారాం కుర్చీలో, గంగుబాయి, ఇంకో ఇద్దరు తల్లిదండ్రులు బెంచీ మీద, స్వరూప తన కంప్యూటరు ముందు. సిద్దిరాములు టైపు చేసిన కాగితం ఒకటి లింబాద్రి ముందుకు జరిపాడు.

“ఏం లేదన్నా. వయసు, కండ్లు. పన్నెండు కొట్టబోయి పది కొట్టినవ్. మనిషన్నంక అయితది. గీడ సంతకం పెడితే వాళ్ళ మనసు సల్లబడుతది. నిన్ను పనిలకెళ్లి తీసేయ, నా మాట.”

లింబాద్రి కాగితం చదవలేదు. “ఫైలు తెరువుండ్రి” అన్నాడు.

“ఫైలెందుకన్నా ఇప్పుడు.”

“తెరువు మేడం.”

స్వరూప తెరిచింది. మెట్ల గది తెర నిండా వచ్చింది. దాని కింద అంకె పది అడుగుల నాలుగు అంగుళాలు. లింబాద్రి మౌసు తీసుకుని ఒక గోడ కొసన నొక్కాడు, పసుపు గడి వెలిగింది. రెండో గోడ కొసన నొక్కాడు, మళ్ళీ వెలిగింది. కింద కంప్యూటరు కొలిచిన పొడవు వచ్చింది. పన్నెండు అడుగుల నాలుగు అంగుళాలు.

“ఇండ్ల అంకె మనం రాయం” అని బెంచీ మీద వాళ్ళవైపు తిరిగి చెప్పాడు. “గీతను చూసి అదే రాసుకుంటది. నేను గీసిన గీత పన్నెండున్నది. పది అని ఎవలో దాని మీద కొట్టిండ్రు.”

“నువ్వే కొట్టినవేమో, మరిచిపోయినవ్” అన్నాడు ఆత్మారాం.

లింబాద్రి పక్క గదిని చూపించాడు. “ఇది చూడుండ్రి. క్లాసు గది నేను గీసింది ఇరవై. ఈడ ఇరవై రెండని కొట్టి ఉన్నది. ఈడ రెండు తీసిండ్రు, ఆడ రెండు కలిపిండ్రు. రెండూ కూడితే మొత్తం సరిపోతది. కండ్లు కనబడనోడు తప్పు కొడితే ఒక్క చోట కొడుతడు. కూడి సరిజూసుకొని కొట్టడు.”

గంగుబాయి అడిగింది. “అంటే ఎరుకుండే చేసిండ్రా?”

“ఎరుకుండే చేసిండ్రవ్వా.”

“ఎవలు?”

అప్పుడే లింబాద్రికి పాత ట్రేసింగ్ కాగితాలు గుర్తొచ్చాయి. అక్కడైతే మార్చిన అంకెలు చూసి ఎవరి చెయ్యో చెప్పేవాడు. ఇక్కడ అన్ని అంకెలూ ఒకే అచ్చు, ఎవరి చెయ్యీ కనిపించదు. సిద్దిరాములుకు ఫైలు తెరిచి ప్రింటు తీయడం తప్ప ఏమీ రాదు. అయినా ఆ నిమిషం దాకా లింబాద్రికి అనుమానం అతని మీదే ఉంది. ఎవరినైనా బయట నుంచి పిలిపించాడేమో అనుకున్నాడు.

“మేడం, నువ్వు ఆఫీసులనే ఉన్నవ్ గదా ఆ రోజులల్ల. ఎవలు కొట్టిండ్రు?”

స్వరూప అతనివైపు చూడలేదు. సిద్దిరాములు బల్ల మీది పేపర్‌వెయిట్‌ని మెల్లగా తిప్పుతున్నాడు. ఆమె కళ్ళు దాని మీద ఉన్నాయి.

“నాకు తెల్వదు సార్” అంది.

పెద్దసారు అనలేదు. సార్ అంది. లింబాద్రికి అప్పుడు తెలిసింది. స్వరూప తన బల్ల పక్కనే కూర్చుని, పసుపు గడి చూసి నొక్కమని నేర్పింది. ఆ చేత్తోనే తన పేరు మీద కొట్టింది. సిద్దిరాములు మోసం చేశాడంటే కోపం వచ్చేది, బూతులు వచ్చేవి. ఇప్పుడు ఏదీ రాలేదు.

“గీ ఆఫీసుల ఈ పని వచ్చినోళ్ళం ఇద్దరమే” అన్నాడు. “ఒకడిని నేను.”

అక్కడే ఆగాడు. దయ తలచి ఆగాడని తరవాత కొందరన్నారు. దయ కాదు. ఆ రెండో పేరు తన నోటితో చెప్పలేకపోయాడు, అంతే. గంగుబాయి మాత్రం స్వరూపవైపు చాలాసేపు చూసింది.

“ఇగ చాలు, మిగతాది మేము లోపల మాట్లాడుకుంటం” అని ఆత్మారాం లేచాడు. లింబాద్రి కాగితం మీద సంతకం పెట్టలేదు. టిఫిను డబ్బా తీసుకుని, సిద్దిరాములుతో ఒక్క మాటే అన్నాడు. “నీ అక్షరం అప్పుడే ఒరిగింది తమ్మీ. దిద్దిన అనుకున్న.”

దసరా సెలవుల్లో ఆ మెట్లు కూలగొట్టి మళ్ళీ కట్టారు. గంగుబాయి, మిగతా తల్లిదండ్రులు పట్టుబట్టి కూర్చోబట్టే అది జరిగింది. కొత్త ప్లాను మీద ఇంకెవరి పేరో ఉంది. కానీ ఊళ్ళో మిగిలింది పాత మాటే. సిద్దిరాములు దగ్గర మానేసి నిజామాబాద్‌లో ఇంకో రెండు ఆఫీసులకు పని కోసం వెళితే, “బడి మెట్లు గీసింది మీరే గదా?” అని మర్యాదగా అడిగి టీ పోసి పంపారు. లింబాద్రి బోధన్‌లో ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డులో కుదిరాడు. ఇనుప రేకు మీద సుద్దముక్కతో గీస్తాడు. అక్కడ గడి లేదు, పేరు పెట్టుకునే చోటు లేదు.

కార్తీకంలో ఒక ఆదివారం స్వరూప ఎడపల్లి వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడింది. సత్తవ్వ పీట వేసి నీళ్ళిచ్చింది. లింబాద్రి మంచం మీద నుంచి లేవలేదు.

“సార్, బాబు మందులకు నా జీతమే దిక్కుండె, గందుకే…”

“పిలగాన్ని నడుమల తేకు స్వరూపా.”

మేడం అననందుకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ మొదలుపెట్టింది. “‘పొద్దటికల్ల పునాది ముగ్గు పొయ్యాలె, ఇప్పటికి అంకె మార్చు, అన్న బాల్కొండ నుంచి వచ్చినంక గీత మారుస్తడు’ అన్నడు సిద్దిరాములు సారు. మీకు ఫోన్ల చెప్పిండట, మీరు ఒప్పుకున్నరట. నేను నమ్మిన.”

“నమ్మినవ్. మంచిది. కూడి సరిజూసింది ఎవలు?”

“నేనే.”

“అండ్ల నా పేరున్నదని నీకు ఎరుకే గదా?”

“ఎరుకే.”

“అంకె కొట్టినందుకు నాకంత బాధ లేదు. నీకు మనసున ఒకటుండె, వాడు ఒకటి చెప్పిండు, కొట్టినవ్. ఆ దినం ఎవలు కొట్టిండ్రని అడిగిన. అంతమందిల నిన్నే అడిగిన. నువ్వు చెప్తవనే అడిగిన.”

సత్తవ్వ లోపలికి వెళ్ళిపోయింది. పిల్లవాడు అరుగు మీదికెక్కి కిందికి దూకుతూ, మళ్ళీ ఎక్కుతూ ఆడుకుంటున్నాడు.

“మాఫ్ చెయ్యిండ్రి సార్.”

“ఇప్పుడైతే నా దగ్గర లేదు. ఉంటే ఇద్దును.”

ఆమె లేచింది. తాను అక్కడ పని మానేశానని, ఇంట్లోనే ఇద్దరు పిల్లలకు లెక్కలు చెబుతున్నానని గోడతో చెప్పినట్టు చెప్పింది. కొడుకును ఎత్తుకోబోయింది. వాడు రానని మళ్ళీ అరుగెక్కాడు. లింబాద్రి వాడి మోకాలివైపు చూస్తున్నాడు. అరుగు ఎత్తుకు అది గడ్డం దాకా లేస్తోంది.

“వీన్ని బడిల ఎప్పుడేస్తున్నవ్?”

“వచ్చే జూన్ల.”

“టేపు ఉన్నదా నీ దగ్గర?”

“లేదు.”

“కొనుక్కో. బడికి పోయినంక ఫీజు అడగకముందు మెట్లు కొలువు. ప్లాను చూపిస్తే చూడకు, ప్లాన్లు ఎట్ల తయారైతయో నీకు నాకంటె బాగ ఎరుక. ఒక్క మెట్టు కొలిచి మంచిగనే ఉన్నదని రాకు. కిందికెళ్లి మీదిదాక అన్నీ కొలువు. ఆరంగుళాలు దాటిన బడిల వీన్ని ఎయ్యకు, ఎంత మంచి బడైనా సరే. నవ్వుతరు. నవ్వనీ.”

ఆ జూన్‌లో స్వరూప నాలుగు బళ్ళు తిరిగింది. రెండు చోట్ల నిజంగానే నవ్వారు. ఇప్పుడు కొడుకు ఎక్కాల్సిన ఏ మేడ దగ్గరైనా ఆమె ముందు సంచిలోంచి స్టీలు టేపు తీసి, కింది మెట్టు దగ్గర వంగుతుంది. పై మెట్టు దాకా ఒక్కటి కూడా వదలదు.